బీటా ప్లగిన్ వేద్దామని కూర్చుంటే తెల్లారింది

ఈమధ్య మీలో చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "బ్రో, నా ఫోన్‌కి బీటా అప్‌డేట్ వచ్చింది, వేసుకోవచ్చా?" అని. దీనికి వేసుకో, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ నేను అలా చెప్పలేను. ఎందుకంటే ఒకసారి బీటా వేయబోయి నేను వేరేవాళ్ళ ల్యాప్‌టాప్ పాడుచేశాను. అది కూడా ఆ మనిషికి ఉద్యోగం టెస్ట్ ఉన్న ముందురోజు రాత్రి. ఆ కథ ఇంతవరకు ఈ ఛానల్లో చెప్పలేదు. ఈరోజు చెప్తా. మధ్యలో కొంచెం టెక్నికల్ మేటర్ ఉంటుంది, స్కిప్ చేయొద్దు. అసలు విషయం అక్కడే ఉంది.

2016 అక్టోబర్. నేను బీటెక్ థర్డ్ ఇయర్. భీమవరం దగ్గర హాస్టల్. మా ఫ్లోర్‌లో ఫైనల్ ఇయర్ అన్న ఒకడు ఉండేవాడు. పేరు చెప్పను, ఈ వీడియో చూస్తాడు కాబట్టి. అన్న దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్, 2 జీబీ ర్యామ్. విండోస్ ఆన్ చేసి టిఫిన్‌కి వెళ్ళొస్తే అప్పటికి డెస్క్‌టాప్ కనిపించేది. "అన్నా, ఇది తీసేసి ఉబుంటు వేద్దాం, గాల్లో తేలిపోతుంది" అని ఎక్కించింది నేనే. వేశాను, 32 బిట్ ఉబుంటు. నిజంగానే స్పీడ్ పెరిగింది. అప్పట్నుంచి ఫ్లోర్‌లో నా పేరు లైనక్స్ గాడు. ఆ పేరు నాకు బాగా ఎక్కేసింది, అది వేరే విషయం.

ఒకరోజు సాయంత్రం అన్న నా రూమ్‌కి వచ్చాడు. "రేయ్, రేపు పొద్దున 10 గంటలకి ఆఫ్ క్యాంపస్ టెస్ట్ ఉంది, ఆన్‌లైన్‌లో. లింక్ తెరిస్తే ఫ్లాష్ ప్లేయర్ పాతది, అప్‌డేట్ చెయ్యి అంటోంది. చూస్తావా?" అన్నాడు. నేను "పది నిమిషాలన్నా" అన్నాను.

ఆ పది నిమిషాలు ఎందుకు తెల్లవార్లూ అయ్యాయో అర్థం కావాలంటే, ముందు ప్లగిన్ అంటే ఏంటో తెలియాలి.

ఇప్పుడు మీ ఫోన్‌లో బ్రౌజర్ తెరిస్తే వీడియో దానంతట అదే ప్లే అవుతుంది కదా. ఒకప్పుడు బ్రౌజర్‌కి ఆ తెలివి లేదు. అది బొమ్మలు, అక్షరాలు మాత్రమే చూపించేది. వీడియో కావాలంటే, గేమ్ కావాలంటే బయటి కంపెనీ రాసిన ఒక ప్రోగ్రామ్‌ని తెచ్చి బ్రౌజర్‌కి తగిలించాలి. దాన్నే ప్లగిన్ అనేవాళ్ళు. ఆ తగిలించే పద్ధతి పేరు ఎన్‌పీఏపీఐ. 1990లలో నెట్‌స్కేప్ బ్రౌజర్‌తో వచ్చింది. వాటిల్లో అందరికంటే పెద్ద ప్లగిన్ ఫ్లాష్ ప్లేయర్. మొదట్లో యూట్యూబ్ నడిచింది కూడా దాని మీదే.

ఇక్కడొక చిక్కుంది. బ్రౌజర్ ఒకరిది, ప్లగిన్ ఇంకొకరిది, ఆపరేటింగ్ సిస్టమ్ మూడోవాళ్ళది. ముగ్గురూ సరిగ్గా కలిస్తేనే వీడియో ఆడుతుంది. వాళ్ళలో ఏ ఒక్కరు చిన్న మార్పు చేసినా, ఇబ్బంది పడేది మాత్రం మంచం మీద కూర్చుని వీడియో చూద్దామనుకున్న నాలుగో మనిషి.

మళ్ళీ ఆ రాత్రికి వద్దాం. అన్న ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫ్లాష్ వెర్షన్ 11.2. విండోస్‌లో అప్పటికే 23 నడుస్తోంది. ఎందుకంత తేడా? 2012 ఫిబ్రవరిలో అడోబీ ఒక ప్రకటన చేసింది. లైనక్స్‌కి ఈ పద్ధతిలో ఇచ్చే ఆఖరి ఫ్లాష్ 11.2 అనీ, ఇకపై కొత్త వెర్షన్లు క్రోమ్ బ్రౌజర్‌తో మాత్రమే వస్తాయనీ, 11.2కి ఐదేళ్ళు సెక్యూరిటీ రిపేర్లు మాత్రం చేస్తామనీ చెప్పింది. అంటే ఫైర్‌ఫాక్స్ వాడే లైనక్స్ వాళ్ళు అక్కడే ఆగిపోయారు. మరి క్రోమ్ వేసుకోవచ్చు కదా అంటారు మీరు. 2016 మార్చిలోనే గూగుల్ 32 బిట్ లైనక్స్‌కి క్రోమ్ ఇవ్వడం ఆపేసింది. మనది 32 బిట్. ఆ దారి కూడా మూసుకుపోయింది.

కానీ సరిగ్గా ఆ ఏడాది ఆగస్టు ఆఖర్లో అడోబీ మనసు మార్చుకుంది. లైనక్స్ ఫైర్‌ఫాక్స్‌కి మళ్ళీ కొత్త ఫ్లాష్ ఇస్తామని బీటా విడుదల చేసింది. ఇది ముఖ్యంగా సెక్యూరిటీ కోసం చేస్తున్న పని, కొన్ని ఫీచర్లు పూర్తిగా ఉండవు అని కూడా ముందే చెప్పింది. నేను అదంతా చదివానా? లేదు. "బీటా" అన్న మాట చూసి ఇంకా హుషారొచ్చింది. అందరికంటే ముందు మన దగ్గర ఉంటుంది కదా అని.

ఫస్ట్ తప్పు. జియో సిమ్ అప్పుడే వచ్చింది, నెట్ ఫ్రీ. హాట్‌స్పాట్ పెట్టి ఫైల్ దించాను. విప్పితే లోపల ఒక రీడ్‌మీ, ఒక లైసెన్స్, అసలు ప్లగిన్ ఫైల్, ఒక యూఎస్ఆర్ ఫోల్డర్. ప్లగిన్ ఫైల్‌ని సిస్టమ్ ఫోల్డర్లో పడేసి ఫైర్‌ఫాక్స్ తెరిచాను. ఏమీ లేదు. ఎర్రర్ కూడా లేదు. మాట్లాడని ఎర్రర్ ఉంటుంది చూడండి, దానికంటే తిట్టే ఎర్రర్ వెయ్యి రెట్లు నయం. అరగంట కొట్టుకుని, ఫైర్‌ఫాక్స్‌ని టెర్మినల్ నుంచి నడిపితే అప్పుడు చెప్పింది, రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్ అని. అంటే నేను దించింది 64 బిట్ ఫైల్. మెషిన్‌లో ఉన్నది 32 బిట్ ఉబుంటు. దాన్ని వేసింది నేనే, మర్చిపోయింది కూడా నేనే.

రెండో తప్పు. సరైన ఫైల్ దించి పెట్టాను. బ్రౌజర్లో ప్లగిన్స్ పేజీ తెరిస్తే ఇంకా 11.2 అనే చూపిస్తోంది. ఉబుంటు ప్యాకేజీతో వచ్చిన పాత ఫ్లాష్ ఇంకో ఫోల్డర్లో అలాగే కూర్చుని ఉంది. దాన్ని ముందు తీసేయాలి. నాకు ఆ ఆలోచన రాలేదు. కొత్త ఫైల్‌ని ఇంకో చోట, ఇంకో చోట పెట్టుకుంటూ పోయాను. అన్న మధ్యలో వచ్చి "అయిందారా?" అన్నాడు. "పది నిమిషాలన్నా." చేతిలో ఆప్టిట్యూడ్ పుస్తకం పట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడో తప్పు. ఇదే అసలుది. రాత్రి ఒంటిగంట దాటింది. నెట్‌లో ఎవరో రాశారు, ఇది పర్మిషన్ల సమస్య, యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తానికి 777 కొట్టు, దెబ్బకి పనిచేస్తుంది అని. నేను కాపీ చేశాను. పేస్ట్ చేశాను. ముందు సుడో ఉంది, పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. ఎంటర్.

777 అంటే ఏంటో తెలియని వాళ్ళకి చెప్తా. ఈ ఫైల్‌ని ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు, ఎవరైనా నడపొచ్చు అని. లైనక్స్‌లో యూఎస్ఆర్ అంటే సిస్టమ్ ప్రోగ్రాములన్నీ కాపురం ఉండే ఇల్లు. సుడో అనే ప్రోగ్రామ్ కూడా అక్కడే ఉంటుంది. మామూలు యూజర్‌కి కాసేపు యజమాని అధికారం ఇచ్చేది అదే. అది అలా పనిచేయాలంటే దాని మీద సెట్‌యూఐడీ అని ఒక ప్రత్యేక గుర్తు ఉండాలి. మొత్తం ఫోల్డర్‌కి 777 కొట్టగానే ఆ గుర్తు చెరిగిపోయింది. తర్వాత సుడో అని కొడితే, నా మీద సెట్‌యూఐడీ లేదు, నేను పనిచేయను అంది. ఇప్పుడు చేసిన తప్పు సరిదిద్దాలంటే సుడో కావాలి. సుడో బాగుపడాలంటే సుడో కావాలి. ఇంట్లో తలుపులన్నీ బార్లా తెరిచి, తాళంచెవుల గుత్తిని గోదాట్లో పడేసినట్టన్నమాట.

రికవరీ మోడ్‌లో రూట్ షెల్ తెరిచి దాన్ని బాగుచేయొచ్చని ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి తెలీదు. ఇంకా ఘోరం ఏంటంటే, ఆ కొత్త ప్లగిన్ కోసం సిస్టమ్ ఫోల్డర్ల జోలికి వెళ్ళే పనే లేదు. పాత ప్యాకేజీని పద్ధతిగా తీసేసి, కొత్త ఫైల్‌ని యూజర్ హోమ్ ఫోల్డర్లో, మొజిల్లా కింద ప్లగిన్స్ అనే ఫోల్డర్ చేసి అందులో పెడితే ఫైర్‌ఫాక్స్ తీసుకునేది. నిజంగానే పది నిమిషాల పని.

నాలుగింటికి అన్న రూమ్ తలుపు కొట్టాను. పుస్తకం గుండెల మీద పెట్టుకుని లైట్ వేసుకునే పడుకున్నాడు. "అన్నా, నీ ల్యాప్‌టాప్ పోయింది" అన్నాను. ఒక్క నిమిషం నా మొహం చూశాడు. "సరే, టౌన్‌లో నెట్ సెంటర్ ఉంది కదా, పద" అన్నాడు. అంతే. ఫస్ట్ బస్సుకి ఇద్దరం వెళ్ళాం. నెట్ సెంటర్ ఆయన్ని బతిమాలి ముందుగా తెరిపించాం. విండోస్ మెషిన్, ఫ్లాష్ అప్‌డేట్ అయ్యే ఉంది. అన్న టెస్ట్ రాశాడు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను.

సెలెక్ట్ అవ్వలేదు.

రాత్రంతా హాయిగా పడుకుని, సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత రూమ్‌లో రాసి ఉంటే అయ్యేవాడా? తెలీదు. ఎప్పటికీ తెలీదు. అన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

ఆ తర్వాత మూడ్రోజులకి పెన్‌డ్రైవ్‌లో లైవ్ ఉబుంటు వేసి, అన్న ఫైల్స్ అన్నీ బయటికి తీసి, మళ్ళీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసిచ్చాను. ప్రాజెక్ట్ ఫైల్స్ పోలేదు, అదొక్కటే అదృష్టం.

సరే, ఇది నా తెలివితక్కువతనం. కానీ బీటాతో తెలివైనవాళ్ళకి కూడా చుక్కలు కనిపిస్తాయి. దానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. చూడండి.

64 బిట్ ఫ్లాష్ అందరికంటే ముందు వచ్చింది విండోస్‌కి కాదు, లైనక్స్‌కి. 2008 నవంబర్‌లో, ఆల్ఫాగా. జనం ఎగబడి వేసుకున్నారు. 2010 జూన్‌లో అడోబీ దాన్ని ఆపేసింది. 32 బిట్ వాళ్ళకి పెద్ద సెక్యూరిటీ రిపేర్ వచ్చింది కానీ, ఆల్ఫా వాడేవాళ్ళకి రాలేదు. సెప్టెంబర్‌లో "స్క్వేర్" అనే పేరుతో ఇంకో ప్రివ్యూ వచ్చేదాకా వాళ్ళు అలా గాల్లో ఉండిపోయారు. బీటా గురించి ఇది గుర్తుపెట్టుకోండి. దానికి రేపు అప్‌డేట్ వస్తుందని ఎవరూ మాటివ్వరు.

అదే 2010 నవంబర్‌లో ఫెడోరా 14 అనే లైనక్స్ విడుదలైంది. 64 బిట్ ఫ్లాష్ వేసుకున్నవాళ్ళకి పాటలు గరగరలాడటం మొదలైంది. అందరూ ఫ్లాష్‌ని తిట్టారు. తవ్వితే తేలింది ఏంటంటే, ఫ్లాష్ ఏం మారలేదు. సిస్టమ్ అడుగున ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీలో ఒక చిన్న ఫంక్షన్ మారింది. పేరు మెమ్‌కాపీ. మెమరీలో ఒక చోటి డేటాని ఇంకో చోటికి కాపీ చేయడమే దాని పని.

దీన్ని సినిమా హాల్ లెక్కలో చెప్తా. ఒక వరసలో అందరూ ఎడమవైపు ఒక్కో సీటు జరగాలి. ఎడమ చివర ఖాళీ ఉంది. ఎడమ చివరివాడు ముందు జరిగితే, వాడి వెనక ఇంకొకడు, అలా అందరూ హాయిగా కూర్చుంటారు. కుడి చివరివాడు ముందు జరిగితే? పక్కవాడి ఒళ్ళో కూర్చుంటాడు. పాత మెమ్‌కాపీ ఎడమ నుంచి జరిపేది. కొత్తది, స్పీడ్ కోసం, కొన్ని ప్రాసెసర్లలో కుడి నుంచి మొదలుపెట్టింది. ఫ్లాష్‌లో ఆ ఒళ్ళో కూర్చునే పరిస్థితి ఉంది. సౌండ్ చెడిపోయింది.

ఇప్పుడు తప్పెవరిది? మెమ్‌కాపీని అలా ఒకదానిమీద ఒకటి పడే చోట్ల వాడకూడదని రూల్ బుక్‌లో ఎప్పట్నుంచో ఉంది. దానికి మెమ్‌మూవ్ అని వేరే ఫంక్షన్ ఉంది. కాబట్టి ఫ్లాష్‌ది తప్పు అన్నారు లైబ్రరీ వాళ్ళు. ఆ చర్చలోకి లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా వచ్చాడు. ఆయన వాదన వేరు. రూల్ ఎవరు తప్పారన్నది వాడేవాడికి అక్కర్లేదు, నిన్నటిదాకా వచ్చిన సౌండ్ ఇవాళ రావట్లేదు, అది మన బాధ్యతే అన్నట్టు మాట్లాడాడు. అంతేకాదు, తాత్కాలికంగా గట్టెక్కడానికి చిన్న కోడ్ ముక్క కూడా రాసి పెట్టాడు. చివరికి జీలిబ్‌సీ 2.14లో పాత ప్రోగ్రాములకి సేఫ్‌గా ఉండే మెమ్‌కాపీ, కొత్తగా తయారయ్యే వాటికి కొత్తది అని విడదీశారు.

ఇది చదివాక నాకు అన్న గుర్తొచ్చాడు. నా 777 కథలో రీడ్‌మీ సరిగ్గానే ఉంది, ఉబుంటు సరిగ్గానే ఉంది, అడోబీ ముందే బీటా అని చెప్పింది. రూల్ ప్రకారం ఎవరిదీ తప్పు లేదు, నాది తప్ప. కానీ పొద్దున్నే బస్సెక్కింది అన్న.

ఇంకో సరదా ముక్క. 2012లో 11.2 వచ్చాక, కొన్ని ఎన్‌విడియా కార్డులున్న లైనక్స్ మెషిన్లలో యూట్యూబ్ తెరిస్తే అందరి మొహాలూ నీలంగా కనిపించేవి. ఎరుపు, నీలం రంగులు తారుమారయ్యాయన్నమాట. న్యూస్ రీడర్ కూడా పౌరాణిక సినిమాలో కృష్ణుడిలా ఉండేవాడు. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేస్తే మళ్ళీ మామూలు మనుషులయ్యేవాళ్ళు.

మిగతా చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. ఫోన్లు వచ్చాయి, హెచ్‌టీఎంఎల్ 5 వచ్చింది, బ్రౌజర్ తనే వీడియో ఆడించడం నేర్చుకుంది. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే కంటెంట్‌ని నడపడం మానేసింది. కాబట్టి ఇప్పుడు ఏ వెబ్‌సైట్ అయినా "మీ ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి" అని బటన్ చూపిస్తే, అది వైరస్ ఎక్కించే వల. వెంటనే ఆ ట్యాబ్ మూసేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. బీటా వేసుకోవచ్చా? వేసుకోండి. నేనూ వేస్తాను. కానీ నాలుగు విషయాలు.

ఒకటి, మీ మెషిన్ ఏంటో మీకు తెలియాలి. నాకు ఆ రాత్రి 32, 64 గుర్తులేదు. ఇప్పుడు ఏపీకే ఫైల్స్‌లో కూడా అంతే, ఆర్మ్ 64 అని ఒకటి, పాత ఆర్మ్ వీ7 అని ఒకటి ఉంటాయి. దించే ముందు చూసుకోండి.

రెండు, లోపలికి వెళ్ళే ముందు బయటికి వచ్చే దారి చూసుకోండి. ఫోటోలు, వాట్సాప్, ఫైల్స్ బ్యాకప్ తీయండి. చాలా ఫోన్లలో బీటా నుంచి మామూలు వెర్షన్‌కి వెనక్కి రావాలంటే ఫోన్ మొత్తం తుడిచేయాల్సి వస్తుంది. అది వేశాక కాదు, వేయకముందే చదవాలి.

మూడు, అర్థం కాని కమాండ్ నడపొద్దు, అర్థం కాని పర్మిషన్ ఇవ్వొద్దు. నేను ఆరోజు కొట్టిన 777కీ, ఇవాళ మీరు ఏదో మోడ్ యాప్‌కి యాక్సెసిబిలిటీ పర్మిషన్ "అలౌ" కొట్టడానికీ పెద్ద తేడా లేదు. రెండు సందర్భాల్లోనూ ఎవరో తెలియనివాడు చెప్పాడు, మనం తలుపు తీశాం.

నాలుగు, ఇది అన్నిటికంటే పెద్దది. రేపు అవసరమున్న మెషిన్ మీద ఇవాళ బీటా వేయొద్దు. ఆ మెషిన్ వేరేవాళ్ళదైతే అస్సలు వేయొద్దు. "పది నిమిషాలు" అని అనిపించినప్పుడు, పనవ్వకపోతే ఏంటి అని ముందే ఆలోచించండి. మాకు ఆ రాత్రి తొమ్మిదింటికే నెట్ సెంటర్ గుర్తొచ్చి ఉంటే చాలు. నాకు తెలీట్లేదన్నా అని ఒక్క మాట అనుంటే చాలు. లైనక్స్ గాడు అన్న పేరు ఆ మాట అననివ్వలేదు.

అన్న ఇప్పుడు బెంగళూరులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. "రేయ్, నా ఫోన్‌కి బీటా వచ్చింది, వేసుకోనా?"

"బ్యాకప్ తీశావా అన్నా?"

"తీశా."

"రేపు ఏమైనా పనుందా?"

అటువైపు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత గట్టిగా నవ్వాడు. "ఇప్పటికి నేర్చుకున్నావురా" అన్నాడు.

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. మీరు కూడా ఎవరిదైనా ఫోనో, ల్యాప్‌టాపో బాగుచేయబోయి పాడుచేసి ఉంటే కింద కామెంట్‌లో రాయండి. వాళ్ళకి అప్పుడు సారీ చెప్పకపోతే ఇప్పుడు ఒక మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, బై.